గల్లాపెట్టె ముందు కూర్చుని తీర్పు చెప్పవచ్చా?

(తిరుపతిలో ఎరువులు, పురుగుమందుల డీలర్ల డిప్లొమా తరగతులు ముగిసిన రోజున, రైతులూ వ్యవసాయ విద్యార్థులూ కూడా వచ్చిన సభలో, చిత్తూరు ప్రాంతానికి చెందిన ఒక మహిళా డీలరు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన సార్ చాలా పెద్ద మాటలు చెప్పారు. వెయ్యి మంది మామిడి రైతులను ఒక తాటి మీదకు తెచ్చిన మహిళ అన్నారు. తాటి మీదకు తెచ్చింది వాట్సాప్. నేను చేసిందల్లా ఆ తాడు కొసను నా దుకాణం గుమ్మానికి కట్టుకోవడం. (నవ్వులు)

మీలో సగం మంది నాలాగే కొట్టు నడిపేవాళ్ళు. 48 వారాల పాటు సెలవు రోజులు మానుకుని ఈ చదువు చదివారు. 2003లో హైదరాబాద్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ శిక్షణ సంస్థ ఈ డిప్లొమా మొదలుపెట్టినప్పుడు, రైతు ముందుగా వచ్చేది డీలరు దగ్గరికే కాబట్టి డీలరుకు వ్యవసాయం తెలియాలి అన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ తెగులు పేరు చెప్పేదీ మనమే, దానికి మందు అమ్మేదీ మనమే. డాక్టరూ మందుల షాపూ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. దానికి తోడు వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ కూడా మనమే అయితే, మందు పని చేయలేదని చెప్పే నోటి మీద చెయ్యి పెట్టే అవకాశం కూడా మనకే వస్తుంది. నేను పెట్టాను. ఇవాళ చెప్పేది ఆ సంగతే.

గ్రూపు 2018లో మొదలైంది. అప్పట్లో 256 మందికి మించి పట్టేవాళ్ళు కాదు. బంగారుపాళెం, ఐరాల, పూతలపట్టు వైపు రైతులు, మా దుకాణం ఖాతాదారులే ఎక్కువ. ఆకు ఫొటో పెట్టి "అక్కా, ఇదేమిటి?" అని అడుగుతారు. నేను చెబుతాను. మధ్యాహ్నానికి కొట్టుకు వచ్చి మందు తీసుకెళతారు. ఆ గ్రూపు వల్ల నా అమ్మకాలు పెరగలేదని నేను చెబితే మీరు నమ్మరు, నమ్మకండి కూడా. 2022లో వాట్సాప్ వాళ్ళు పరిమితిని 512కు, ఆ తర్వాత 1024కు పెంచారు. గ్రూపు నిండిపోయింది. అదే ఏడాది ఇంకొకటి ఇచ్చారు. ఎవరు రాసిన మాటనైనా అడ్మిన్ అందరి ఫోన్లలోంచి తీసేసే వీలు. అంతకు ముందు నాలుగేళ్ళూ నాకు ఆ అధికారమే లేదు కాబట్టి నేను చాలా న్యాయంగా ఉన్నాను. (నవ్వులు)

2023 ఫిబ్రవరి. తోటలన్నీ పూత మీద ఉన్నాయి. ఉదయం ఆరు దాటింది. వాకిట్లో ముగ్గు వేసి లోపలికి వచ్చి ఫోను చూశాను. ఒక రైతు ఫొటో పెట్టాడు. మామిడి ఆకు, దాని మీద జిగురు మెరుస్తోంది. ఆ జిగురు అంటిన తన బొటనవేలు కూడా ఫొటోలో ఉంది. కింద రాశాడు: "అక్క దుకాణంలో కొన్న మందు రెండు దఫాలు కొట్టాను. తేనెమంచు పురుగు పోలేదు. డబ్బు దండగ."

అంతే. తిట్టు లేదు, అబద్ధం లేదు. ఆ సీజన్‌లో ఆ మందు నా దగ్గర యాభై పెట్టెలు ఉన్నాయి. కంపెనీ వాళ్ళ టార్గెట్ ఉంది. ఆ టార్గెట్ చేరితే డీలర్లను విదేశం తీసుకెళతారు, మీకు తెలుసు కదా ఆ టూర్ల సంగతి. నా వేలు ఆ సందేశం మీదకు వెళ్ళింది. తర్వాత లెక్క చూసుకుంటే నాలుగు నిమిషాలు. అతను రాసిన నాలుగు నిమిషాలకు అది లేదు.

నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. అడ్మిన్ తీసేస్తే సందేశం పోతుంది కానీ చోటు పోదు. అక్కడ "అడ్మిన్ తొలగించారు" అని, పక్కన నా పేరు మిగులుతుంది. వెయ్యి ఫోన్లలో, పొద్దున కాఫీ వేళకు, నా పేరుతో ఒక సమాధి రాయి. అది చూసినవాళ్ళలో ఆ సందేశం చదవనివాళ్ళు కూడా "ఏమి రాశాడు, అక్క ఎందుకు తీసింది?" అని అడగడం మొదలుపెట్టారు. ఉంచి ఉంటే ముప్పై మంది చదివి మరిచిపోయేవాళ్ళు. సాయంత్రానికి ముగ్గురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మా నాన్న స్నేహితుడు ఒకాయన ఫోను చేశారు. "మీ నాయన ఉన్నప్పుడు ఎవరైనా ఇలా వస్తే అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాడమ్మా" అన్నారు. ఆపైన ఒక్క మాట కూడా అనలేదు.

మరునాడు ఆ రైతు తోటకు వెళ్ళాను. నిజం చెప్పాలంటే అతని తప్పు పట్టుకోవడానికే వెళ్ళాను. మోతాదు తక్కువ కలిపి ఉంటాడు, మిట్టమధ్యాహ్నం కొట్టి ఉంటాడు, తైవాన్ స్ప్రేయరు నాజిల్ అరిగిపోయి ఉంటుంది, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని. అతను మందు డబ్బాలు రెండూ తెచ్చి గట్టు మీద పెట్టాడు. మొదటి దఫా ఒకటి, రెండో దఫా ఇంకొకటి. మందు మార్చి కొట్టమని నేనే చెప్పాను, ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది కాబట్టి. రెండు డబ్బాలనూ తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. రెండింటిలోనూ ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతమే. కంపెనీలు వేరు, పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే. అంతకు ముందు రెండేళ్ళు కూడా అతను అదే కొట్టాడు, వేరే పేరుతో. అన్ని బిల్లులూ మా దుకాణానివే.

డబ్బాలో ఏముందో చూడకుండా, పేరు మారిస్తే మందు మారినట్టే అనుకుని కౌంటర్ దగ్గర మా కుర్రవాడు ఇచ్చేశాడు. కుర్రవాడి మీదకు నెట్టడం కూడా సరి కాదు, వాడికి నేర్పవలసింది నేను. నేను చెరిపిన ఆ మూడు ముక్కల్లో నా దుకాణానికి అన్నిటికంటే అవసరమైన సమాచారం ఉంది. ఆ ఏడాది అదే జత మందులు నా దగ్గర ఇంకెంతమంది తీసుకున్నారో బిల్లు పుస్తకాలు తిరగేసి, ఫోన్లు చేసి, వేరే రకం మందు ఇచ్చాను. కొందరికి ఊరికే ఇచ్చాను. కొందరు తిట్టారు.

ఆ రైతు మాటలను గ్రూపులో మళ్ళీ నా చేతులతోనే రాశాను, కింద జరిగింది కూడా రాశాను. ఆ వారంలోనే కంపెనీ ప్రతినిధి వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, మన గ్రూపు మన చేతిలో లేకపోతే ఎలా?" అన్నాడు. మన గ్రూపు అన్న మాట అక్కడే మొదటిసారి విన్నాను. ఆ తర్వాతి సీజన్‌కు అరువు సరుకు పరిమితి సగం చేశారు. కారణం అడిగితే పైవాళ్ళ నిర్ణయం అన్నారు. టూరుకు వెళ్ళలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. తప్పు చేసింది, దిద్దుకుంది, చప్పట్లు. కానీ అసలు గుణపాఠం ఇది కాదు, నాలుగు నెలల తర్వాత వచ్చింది.

మా వీధిలో ఎదురుగా ఇంకొక ఎరువుల కొట్టు ఉంది. వాళ్ళకూ మాకూ రెండు తరాలుగా మాటలు తక్కువ. ఒకరోజు గ్రూపులో ఎవరో రాశారు, ఆ కొట్లో కాలం చెల్లిన మందులకు తేదీ మార్చి అమ్ముతున్నారని. బిల్లు లేదు, ఫొటో లేదు, డబ్బా లేదు. నేను చూశాను. తీయలేదు. ఫిబ్రవరిలో బుద్ధి వచ్చింది కదా, ఇక ఎవరి మాటా చెరపకూడదు, రైతు గొంతు నొక్కకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత గొప్పగా అనిపించిందో! ఆ రెండు రోజుల్లో ఆయన ఖాతాదారులు ఇద్దరు మా మెట్లు ఎక్కారు. నేను వాళ్ళకు సరుకు కూడా ఇచ్చాను.

మూడో రోజు ఆయనే రోడ్డు దాటి వచ్చారు. మా కొట్లోకి రావడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. "మీ మీద రాస్తే నాలుగు నిమిషాలు. నా మీద రాస్తే మూడు రోజులా?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. రాసినతన్ని పిలిచి అడిగితే, అతను ఆ కొట్లో ఎన్నడూ కొనలేదు. వేరే ఊళ్ళో అదే పేరుతో ఉన్న ఇంకో దుకాణం గురించి ఎవరో చెబితే విని రాశాడు. ఇక్కడ ఉన్నవాళ్ళు ఒక విషయం గమనించాలి. నేను రైతు మాట చెరిపితే దానికి గుర్తు మిగిలింది, వెయ్యి మంది అడిగారు. ఎదుటివాడి మీద అబద్ధాన్ని ఉంచితే ఏ గుర్తూ లేదు, ఒక్కరూ అడగలేదు. అడ్మిన్ పక్షపాతం అంటే అందరూ చెరపడం గురించే మాట్లాడతారు. నా అనుభవంలో చెరపకుండా కూర్చోవడంలోనే ఎక్కువ పక్షపాతం జరుగుతుంది, పైగా దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకోవచ్చు.

నా భయాల్లో ఇంకొకటి ఉండేది. గ్రూపులో ఎవరు ఏమి రాసినా పోలీసులు అడ్మిన్‌ను పట్టుకుంటారు అని. అందుకే తీసేస్తున్నాను అని ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మా బంధువుల్లో ఒక వకీలు ఉన్నారు, ఆయన ఆ ముసుగు కూడా తీసేశారు. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు ఒకే మాట చెప్పాయట. సభ్యుడు రాసిన దానికి, అడ్మిన్ అయిన పాపానికి మాత్రమే అడ్మిన్ నేరస్థుడు కాడు, అందులో అతని చెయ్యి కూడా ఉంటే తప్ప. కాబట్టి చట్టం అడ్డం పెట్టుకుని డబ్బాలు కాపాడుకునే దారి మూసుకుపోయింది.

అదే 2023 జూన్‌లో మా అబ్బాయి ఒక వార్త చూపించాడు. అమెరికాలో రెడ్డిట్ అని పెద్ద కంపెనీ. అందులో వేలాది గుంపులు, ఒక్కో గుంపును జీతం లేకుండా ఊడ్చి శుభ్రంగా ఉంచేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. కంపెనీ ఏదో కొత్త రుసుము పెట్టిందని వాళ్ళంతా కోపం వచ్చి వేల గుంపులకు తాళాలు వేశారు. తలుపులు తెరవకపోతే మిమ్మల్ని తీసి వేరేవాళ్ళను పెడతాం అని కంపెనీ అన్నది. చాలామంది తెరిచారు. మా అబ్బాయి వాళ్ళ కష్టాన్ని చూసి బాధపడ్డాడు. నాకు మాత్రం అసూయ కలిగింది. అక్కడ ఊడ్చేవాడు వేరు, గల్లాపెట్టె వేరు. కనీసం పోట్లాడుకోవడానికి ఇద్దరు ఉన్నారు. మా గ్రూపులో రెండూ నేనే. నాతో నేను ఎలా పోట్లాడను?

అందుకని ఇంకొకరిని తెచ్చుకున్నాను. ఎదురు కొట్టు ఆయనను.

(నవ్వులు) మా ఇంట్లో కూడా ఇలాగే నవ్వారు. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆలోచించండి, నా తప్పు పట్టుకోవడానికి ఆయన కంటే శ్రద్ధగా పనిచేసే మనిషి ఈ జిల్లాలో ఎవరున్నారు? మూడో అడ్మిన్‌గా పదవీ విరమణ చేసిన ఒక అయ్యవారు ఉన్నారు. ఆరు ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది, ఏ కొట్లోనూ బాకీ లేదు. బాకీ లేని రైతును వెతకడమే కష్టమైంది. పద్ధతి ఒక్కటే. నా దుకాణం మీద ఏదైనా వస్తే నేను చెయ్యి పెట్టను, వాళ్ళిద్దరూ చూస్తారు. ఆయన కొట్టు మీద వస్తే అయ్యవారు, నేను. ఇద్దరికీ కుదరకపోతే సందేశం ఉంటుంది, తీయరు.

ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నదాని మీద మొదటి నెలంతా కొట్టుకున్నాం. చివరికి కుదిరింది ఇది. "మందు పని చేయలేదు" అన్న మాటను ఎవరూ ముట్టుకోకూడదు, అది రైతు అనుభవం. "నకిలీ మందు", "తేదీ మార్చారు" అన్న మాటకు మాత్రం బిల్లు, బ్యాచ్ నంబరు కనిపించాలి. ఎందుకంటే అది నేరారోపణ. పురుగుమందుల చట్టం 1968 నుంచీ ఉంది. అనుమానం ఉంటే ఇన్‌స్పెక్టరు నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి, తేల్చవలసింది అక్కడ. బిల్లు లేని రైతు పరిస్థితి ఏమిటి అని మీరు అడుగుతారు. నిజమే, చాలామందికి బిల్లు ఉండదు, ఎందుకంటే మనలో చాలామందిమి బిల్లు ఇవ్వం. ఈ నియమం పెట్టిన తర్వాత మా వీధిలో రెండు కొట్లూ ప్రతి డబ్బాకూ బ్యాచ్ నంబరుతో బిల్లు రాయడం మొదలుపెట్టాయి. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా జరిగిన మంచి అదొక్కటే.

తీసిన ప్రతి సందేశాన్నీ చిట్టాలో రాస్తాం. నిజంగానే ఎర్ర అట్ట చిట్టా పుస్తకం. తేదీ, ఎవరిది, ఎందుకు, ఎవరు తీశారు. రాసినతనికి ఫోను చేసి చెబుతాం. నెలాఖరుకు ఆ పుట ఫొటో తీసి గ్రూపులో పెడతాం. రూపాయి లెక్కకు చిట్టా రాసేవాళ్ళం, మనిషి మాటకు రాయలేమా అని అయ్యవారి వాదన.

ప్రకటనల గొడవ క్లుప్తంగా చెబుతాను. ఇంతకు ముందు నర్సరీ వాళ్ళు అంటు మొక్కల ధరలు పెడితే "ఇది వ్యాపార గ్రూపు కాదు" అని తీసేసేదాన్ని, నా కొట్లోకి కొత్త సరుకు వస్తే మాత్రం పొద్దున్నే ఫొటో పెట్టేదాన్ని. ఇప్పుడు ఆదివారం ఒక్కరోజు అందరూ పెట్టుకోవచ్చు, నేను కూడా ఆ రోజే. మందు పేరు చెప్పి సలహా ఇస్తే, అది నా దుకాణంలో ఉందని, దాని మీద నాకు లాభం వస్తుందని కింద రాస్తాను. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు కూడా ఇలాంటిదే అడుగుతున్నాయి, ఒక సరుకును మెచ్చుకునేవాడికి అమ్మేవాడితో సంబంధం ఉంటే అది బయటపెట్టాలని. మొదటిసారి రాసినప్పుడు ఒక పెద్దాయన "లాభం లేకుండా అమ్ముతావని ఎవరనుకున్నారమ్మా, ఎంత లాభమో చెప్పు" అన్నాడు. చెప్పలేదు. (నవ్వులు) అంత న్యాయం నా వల్ల కాదు.

2025 సీజన్ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. తోతాపురి ధర పడిపోయింది. మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. ప్రకటన ఒకటి, ఫ్యాక్టరీ గేటు ముందు జరిగేది ఇంకొకటి. ట్రాక్టర్లు రోడ్ల మీద బారులు తీరాయి, కాయ ఎండకు మెత్తబడిపోతోంది. గ్రూపు నిండా కోపం. ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్ళు చూసే మనిషి నాకు ఫోను చేశాడు. తమ గేటు దగ్గరి ఫొటోలను గ్రూపులోంచి తొలగించేయమన్నాడు. నేను కుదరదన్నాను. ధైర్యం వల్ల కాదు. "నా ఒక్కదాని చేతిలో లేదు, ఎదురు కొట్టు ఆయనను అడగాలి" అన్నాను. నిజమే కదా. ఆ ఒక్క వాక్యం ఇంత పనికొస్తుందని ఆయనను అడ్మిన్ చేసినప్పుడు నేను అనుకోలేదు. ఒత్తిడి చేసేవాడికి తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియాలి. మూడు చోట్ల ఉంటే అలిసిపోతాడు.

అదే వారంలో మేము తీసిన సందేశాలు కూడా తక్కువేమీ కాదు. "రేపటి నుంచి ఫలానా ఫ్యాక్టరీ మూత" అని ఎవరో రాస్తే రాత్రికి రాత్రి కాయ కోసి ర్యాంపులకు, అంటే వ్యాపారులు కాయ కొనే చోట్లకు, తోలినవాళ్ళు ఉన్నారు. అక్కడ ఏ ధర చెబితే ఆ ధరకు ఇచ్చి వచ్చారు. ఆ మాట అబద్ధమని తేలేసరికి కాయ చెట్టు మీద లేదు. ఆ సందేశాన్ని తీయడానికి మాకు ఆరు గంటలు పట్టింది, ఎందుకంటే అయ్యవారు తోటలో ఉన్నారు, ఎదురు కొట్టు ఆయన నిద్రపోయారు, నేను ఒక్కదాన్నే తీయడానికి జంకాను. మా పద్ధతికి ఉన్న ఖరీదు అది. ఫలానా రోజు, ఫలానా రైతు, కిలోకు ఇంత నష్టం అని నేను చెప్పగలను. ఇప్పుడు ధరల మీద, మూతల మీద వచ్చే వార్తను ముగ్గురిలో ఎవరైనా వెంటనే ఆపి, తర్వాత మిగతా ఇద్దరికీ జవాబు చెప్పుకునేలా మార్చాం.

వ్యాపారం ఏమైంది అని చాలామంది అడుగుతారు, ముఖ్యంగా మీలాంటివాళ్ళు. ఆ కంపెనీ మందు అమ్మకం ఆ ఏడాది బాగా తగ్గింది. ఆ సందేశం వల్లనా, ఆ ఏడాది పురుగు తక్కువ ఉండటం వల్లనా, నేను వేరే మందు ఎక్కువ చెప్పడం వల్లనా విడదీసి చెప్పలేను. ఎదురు కొట్టుకు మా ఖాతాదారులు కొందరు వెళ్ళారు, వాళ్ళవాళ్ళు కొందరు ఇటు వచ్చారు. నిజాయితీగా ఉంటే లాభం దానంతట అదే వస్తుందని వేదికల మీద చెబుతుంటారు. నాకు అలా ఏమీ రాలేదు. సగం చేసిన అరువు పరిమితి ఇంకా సగమే ఉంది. అయితే ఒకటి, మందు ఇచ్చేటప్పుడు మా కుర్రవాడు డబ్బా తిప్పి వెనక అక్షరాలు చదువుతున్నాడు, గ్రూపులో పడితే ఎవరూ తీయరని వాడికి తెలుసు.

నిన్న రాత్రి ఒకామె రాసింది. మా కొట్లో డబ్బా మీద ఉన్న ధర కంటే ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నారని. బిల్లు ఫొటో కూడా పెట్టింది. బిల్లు మీద రాత మా కుర్రవాడిదే, ఆ ఇరవై రూపాయలు ఆటో బాడుగ అయి ఉండాలి, ఆ సంగతి వివరంగా రాయాలని నా చెయ్యి పొద్దున్నుంచీ తహతహలాడుతోంది. మా నియమం ప్రకారం మిగతా ఇద్దరూ ఆమెతో మాట్లాడాకే నేను రాయాలి. బస్సులో వస్తుంటే ఎదురు కొట్టు ఆయన ఫోను చేశారు, తీయలేదు, తీస్తే వాదిస్తాను. ఫోను ఇదిగో, ఈ సంచిలో ఉంది. మీ ప్రశ్నలు అయ్యాక తీస్తాను. అడగండి.